ములుగు భూకంపాన్ని కేటలాగ్‌లో చేర్చినా ఓపెన్‌క్వేక్‌లో రిజల్ట్ కదలట్లేదు, ఎక్కడ చూడాలి?

కాజీపేట_పోరడు:

అందరికీ నమస్తే. ఎంటెక్ చివరి సంవత్సరం. ప్రాజెక్టు ఏంటంటే ఉమ్మడి వరంగల్ జిల్లాకి భూకంప ప్రమాద అంచనా, సాఫ్ట్‌వేర్ ఓపెన్‌క్వేక్ (ఒక చోట నేల ఎంత ఊగొచ్చో లెక్కేసేది). మోడల్ నేను కట్టింది కాదు, మా సీనియర్ ఒకాయన తయారుచేసి ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు, అందులో డేటా 2019 దాకానే ఉంది. ఇప్పుడు గైడ్ గారు 2024 డిసెంబర్ 4న ములుగు దగ్గర వచ్చిన భూకంపాన్ని కూడా కలిపి, తేడా ఎంతో చూపించమంటున్నారు. అదే, పొద్దున ఏడున్నరకి హైదరాబాద్ దాకా అందరూ బయటికి ఉరికింది.

సీనియర్ ఫోల్డర్‌లో కేటలాగ్ (పాత భూకంపాల జాబితా) అని ఒక సీఎస్వీ ఫైల్ ఉంది. దాని చివర ఒక వరుస చేర్చాను: నేషనల్ సెంటర్ ఫర్ సీస్మాలజీ ఇచ్చిన తేదీ, సమయం, 18.44 ఉత్తర అక్షాంశం, 80.24 తూర్పు రేఖాంశం, లోతు 40 కిలోమీటర్లు, మాగ్నిట్యూడ్ 5.3. సేవ్ చేసి మళ్లీ రన్ చేస్తే హన్మకొండ పాయింట్ దగ్గర 475 ఏళ్ల పీజీఏ (సగటున 475 ఏళ్లకి ఒకసారి దాటే గరిష్ఠ నేల త్వరణం) పాతదే వచ్చింది, చివరి దశాంశం దాకా అదే. సరే చూద్దామని మాగ్నిట్యూడ్ 7 అని మార్చి కూడా వేశాను, అప్పుడూ కదల్లేదు! ఎర్రర్ కూడా ఏమీ రావట్లేదు, వస్తే కనీసం దాన్ని పట్టుకుని వెతికేవాణ్ణి.

ఇంకా రెండు చేర్చాలని ఉంది. ఒకటి, భూకోశ్ (జియలాజికల్ సర్వే మ్యాపుల సైట్) నుంచి దించిన కడెం ఫాల్ట్, కిన్నెరసాని–గోదావరి ఫాల్ట్ గీతలు (ఫాల్ట్ అంటే భూమి లోపలి పగులు). రెండోది, నేల గట్టిదనం చెప్పే విఎస్30 విలువలు. ఇవి ఎక్కడ, ఏ ఫైల్‌లో పెట్టాలి? రివ్యూ దగ్గర పడుతోంది, మస్తు టెన్షన్‌గా ఉంది.

గోదావరి_లోయ:

పరేషాన్ కాకు తమ్ముడూ, సాఫ్ట్‌వేర్ బాగానే పనిచేస్తోంది. నువ్వు మార్చిన ఫైల్‌ని ఇంజిన్ అసలు తెరవదు. కిరాణా చిట్టీలో ఇంకో సరుకు రాసేసి, పొయ్యి మీదున్న కూర రుచి మారలేదేంటని అడిగినట్టుంది. మాగ్నిట్యూడ్ 7 కాదు, 9 రాసినా అదే జవాబు వస్తుంది.

ఇంజిన్ మొదట జాబ్ ఫైల్ చదువుతుంది. అందులో సోర్స్ మోడల్ లాజిక్ ట్రీ (వేర్వేరు ఊహల్ని బరువులతో శాఖలుగా పెట్టేది) ఫైల్ పేరు ఉంటుంది, ఆ లాజిక్ ట్రీలో సోర్స్ మోడల్ ఎక్స్ఎంఎల్ ఫైల్ పేరు ఉంటుంది. ఆ ఎక్స్ఎంఎల్ తెరిస్తే నీకు ఒక్క భూకంపం కూడా కనబడదు. ఏరియా సోర్స్ (భూకంపాలు పుట్టే ప్రాంతం) బహుభుజి, పై లోతు, కింది లోతు, గుటెన్‌బర్గ్–రిక్టర్ ఎ విలువ, బి విలువ (ఎ మొత్తం ఎన్ని వస్తాయో, బి చిన్నవాటితో పోలిస్తే పెద్దవి ఎంత అరుదో చెప్పేవి), కనిష్ఠ గరిష్ఠ మాగ్నిట్యూడ్లు, ఫాల్ట్ దిశల సంభావ్యతలు, హైపోసెంటర్ (భూమి లోపల భూకంపం మొదలయ్యే చోటు) లోతుల సంభావ్యతలు, ఇవే ఉంటాయి. కేటలాగ్ నుంచి ఎ, బి తీయడం వేరే పని. అది మీ సీనియర్ ఎప్పుడో చేసి, వచ్చిన అంకెల్ని ఎక్స్ఎంఎల్‌లో టైప్ చేసి పెట్టి ఉంటాడు. ఓపెన్‌క్వేక్‌తోపాటే వచ్చే హజార్డ్ మోడలర్స్ టూల్‌కిట్ ఆ పనికే ఉంది, పైథాన్‌లో నడుస్తుంది. కాబట్టి కేటలాగ్ శుభ్రం చేసి, ఎ, బి కొత్తగా లెక్కేసి, వాటిని ఎక్స్ఎంఎల్‌లోకి ఎక్కించాలి, అప్పుడే రన్‌లో తేడా కనిపిస్తుంది. కొత్త ఎక్స్ఎంఎల్‌ని వేరే పేరుతో సేవ్ చేస్తే లాజిక్ ట్రీలో కూడా ఆ పేరు మార్చు, లేకపోతే పాత ఫైలే నడుస్తుంది, మళ్లీ ఇక్కడికే వచ్చి ఇదే ప్రశ్న అడుగుతావు.

ఎ విలువ దగ్గర మాత్రం జర జాగ్రత్త. ఇంజిన్ అడిగేది సంవత్సరానికి ఎన్ని అనే రేటు మీద ఎ, అదీ ఆ బహుభుజి మొత్తానికి, చదరపు కిలోమీటరుకి కాదు. 50 ఏళ్ల కేటలాగ్‌లో ఘటనల్ని లెక్కపెట్టి సంవత్సరాలతో భాగించడం మరిచిపోతే ఎ దాదాపు 1.7 ఎక్కువ వస్తుంది, అంటే రేటు 50 రెట్లు. అప్పుడు హన్మకొండ హిమాలయాల్లో ఉన్నట్టు మ్యాపు వస్తుంది. అలాగే బి విలువ 2 దాటి కనిపిస్తే అది బి కాదు, సహజ లాగరిథమ్‌లో ఉండే బీటా, దాన్ని 2.303తో భాగించుకో.

కాజీపేట_పోరడు:

అన్నా థ్యాంక్స్, ఇప్పుడు అర్థమైంది. టూల్‌కిట్‌లో కేటలాగ్ ఎక్కించాను. సీనియర్ ఫైల్‌కి తోడు, 2020 తర్వాతవి సీస్మాలజీ సెంటర్ సైట్ నుంచి, ఐఎస్‌సీ (ఇంటర్నేషనల్ సీస్మలాజికల్ సెంటర్) బులెటిన్ నుంచి కూడా దించి కలిపేశాను. కానీ ఘటనలు అనుకున్నదానికంటే చాలా ఎక్కువ కనిపిస్తున్నాయి. ములుగుదే రెండుసార్లు ఉంది, ఒకటి 7:27కి, ఇంకోటి 1:57కి. రెండోది ఆఫ్టర్‌షాకా? అంత పెద్ద ఆఫ్టర్‌షాక్ ముందే వచ్చిందా?

బొగ్గుబావి_పక్కన:

ఆఫ్టర్‌షాక్ ముందెలా వస్తుంది నాయనా. రెండూ ఒకటే. 7:27 మన టైము, 1:57 యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం), మధ్యలో ఐదున్నర గంటలు. ఐఎస్‌సీ ఇచ్చేది యూటీసీ. అన్నీ యూటీసీకి మార్చేశాకే కలపాలి, కలిపాక కూడా ఒకే ఘటనని రెండు సంస్థలు కొన్ని సెకన్లు, కొన్ని కిలోమీటర్ల తేడాతో ఇస్తాయి కాబట్టి ఒక టైము విండో, ఒక దూరం విండో పెట్టి జంటల్ని తీసేయాలి. అర్ధరాత్రి దాటాక ఐదున్నర లోపు వచ్చినవాటికి యూటీసీలో తేదీ కూడా ముందురోజుకి వెళ్తుంది, తేదీ కాలమ్ మాత్రమే చూసి జంటలు వెతికితే అవి దొరకవు.

నేను భూపాలపల్లి వైపు ఉంటాను కాబట్టి ఇంకో మాట. గోదావరిఖని, మంథని, భూపాలపల్లి చుట్టుపక్కల చిన్న చిన్న ఘటనలు కనబడితే అన్నీ భూకంపాలే అనుకోకు. సింగరేణి ఓపెన్‌కాస్టుల్లో పేలుళ్లు జరుగుతాయి, సీస్మోగ్రాఫ్‌కి అవీ అందుతాయి. గంటలవారీగా ఒక హిస్టోగ్రామ్ వేసి చూడు. భూకంపానికి పగలూ రాత్రీ తేడా లేదు, పేలుడికి ఉంది. ఒకేచోట, పగటిపూట మాత్రమే గుంపుగా ఉన్న చిన్నవాటిని అనుమానించాలి. అవి ఉంచితే బి పెరిగిపోతుంది, బి పెరిగితే పెద్దవి అరుదని మోడల్ అనుకుంటుంది, అంటే ప్రమాదం తగ్గించి చూపిస్తుంది. చాలామంది దీన్ని పట్టించుకోరు. కటాఫ్ 4 పెట్టుకుంటే ఎలాగూ పోతాయి అంటారు, నిజమే, కానీ 4 పైన మన దగ్గర మిగిలేవెన్ని?

మాగ్నిట్యూడ్ రకం కూడా చూసుకో. ఒకచోట లోకల్ మాగ్నిట్యూడ్, ఒకచోట ఎంబీ (బాడీ వేవ్ మాగ్నిట్యూడ్), ఒకచోట మొమెంట్. అన్నీ మొమెంట్ మాగ్నిట్యూడ్‌కి మార్చాలి. ఎంబీకి స్కార్డిలిస్ 2006 సూత్రం అందరూ వాడతారు: 0.85తో గుణించి 1.03 కలపడం, 3.5 నుంచి 6.2 మధ్య మాత్రమే. అంటే ఎంబీ 5.0 ఉంటే 5.28 అవుతుంది. మార్చిన కాలమ్ పక్కనే పాత విలువ, రకం కూడా ఉంచుకో, రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి.

ఆ తర్వాత డీక్లస్టరింగ్, అంటే ఆఫ్టర్‌షాక్‌ల్లాంటివి తీసేసి అసలు భూకంపాల్నే ఉంచడం. గార్డ్‌నర్–నోపాఫ్ 1974 పద్ధతి తీసుకుంటే 5.3కి దాదాపు 44 కిలోమీటర్లు, 209 రోజుల విండో వస్తుంది. డిసెంబర్ 4 తర్వాత ఆ పరిధిలో వచ్చిన చిన్నవన్నీ అందులో పోతాయి.

ఓరుగల్లు_రాజు:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, నాకు సాఫ్ట్‌వేర్ తెలియదు. రామప్ప గుడి కింద ఇసుక పునాది ఉంది కదా, 1213 నుంచి నిలబడింది, దాన్ని కూడా ఈ మోడల్‌లో పెడితే ఎంతవరకు తట్టుకుంటుందో చెప్తుందా? ఇంకోటి, ఆగస్టులో తాడ్వాయి అడవిలో వేల చెట్లు కూలాయి, డిసెంబర్‌లో అక్కడే భూకంపం, రెండిటికీ సంబంధం ఉందంటున్నారు మా వాళ్లు.

గోదావరి_లోయ:

రాజు గారూ, చెట్లది గాలివాన, భూకంపం పదుల కిలోమీటర్ల లోతు నుంచి వచ్చింది, సంబంధం లేదు. ఇక గుడి సంగతి. ఈ లెక్కలో వచ్చేది నేల ఎంత ఊగొచ్చు అన్నదే, దాని మీదున్న కట్టడం ఏమవుతుందో రాదు. దానికి ఎక్స్‌పోజర్, వల్నరబిలిటీ ఫైళ్లు (ఏ కట్టడాలున్నాయో, ఊపుకి ఎంత దెబ్బతింటాయో చెప్పేవి) వేరే కావాలి, అవి కూడా మామూలు ఇళ్ల తరగతులకే దొరుకుతాయి. ఇసుక పునాది మీదున్న కాకతీయుల గుడికి రెడీమేడ్ కర్వ్ ఉండదు, అది విడిగా స్ట్రక్చరల్ మోడల్ కట్టి చేయాల్సిన పని.

శిలాపొర:

ఆలస్యంగా చూశాను. పైవాళ్లు చెప్పినదాంట్లో తప్పేం లేదు కానీ అసలు విషయం ఇంకా రాలేదు. కాజీపేట తమ్ముడు మొదట చేసింది ఏంటంటే 2019 దాకా ఉన్న కేటలాగ్‌కి ఒక్క 5.3 అతికించడం. కేటలాగ్ పొడిగిస్తే ఆ మధ్య ఏళ్లలో వచ్చినవన్నీ చేర్చాలి, ఏమీ రాని ఏళ్లనీ లెక్కలోకి తీసుకోవాలి, ముగింపు సంవత్సరం 2024కి జరపాలి. పేపర్లో వచ్చిన పెద్దదాన్ని మాత్రమే ఏరుకుని చేరిస్తే ఎప్పుడూ ప్రమాదం పెరిగినట్టే కనిపిస్తుంది.

ఊరికే ఊహించిన అంకెలతో చూద్దాం. 50 ఏళ్లలో 4 పైన 20 ఘటనలు, సగటు మాగ్నిట్యూడ్ 4.45 అనుకో. అకి 1965 పద్ధతిలో (సగటు మాగ్నిట్యూడ్ నుంచి బి తీసే సూత్రం), 0.1 బిన్‌తో (మాగ్నిట్యూడ్లని 0.1 మెట్లలో తీసుకుంటే), బి 0.87 వస్తుంది. ఐదేళ్లు పొడిగించాం, కొత్తగా ఒక్క 5.3 వచ్చింది. మొత్తం రేటు ఏడాదికి 0.40 నుంచి 0.38కి తగ్గింది. అవును, తగ్గింది, భూకంపం వచ్చాక కూడా. కానీ సగటు 4.49కి పెరిగింది కాబట్టి బి 0.80కి దిగింది. దాంతో 5 పైన వాటి రేటు ఏడాదికి 0.049 నుంచి 0.055కి, 6 పైన వాటిది దాదాపు 30 శాతం ఎక్కువ. ఒక్క ఘటనకి ఇంత మార్పా అని గైడ్ ముందు గొప్పగా చెప్పకు. 20 ఘటనలతో తీసిన బి మీద అనిశ్చితి బి భాగించు వర్గమూలం 20, అంటే 0.19. నువ్వు చూసిన మార్పు 0.07. అది అనిశ్చితిలో మూడో వంతు!

కాబట్టి గైడ్ అడిగిన 'తేడా ఎంత' అన్నదానికి ఒకే అంకె జవాబు ఇవ్వకు. లాజిక్ ట్రీలో బి కి మూడు శాఖలు పెట్టు, మధ్య విలువ, పైన ఒకటి, కింద ఒకటి, బరువుల మొత్తం 1 వచ్చేలా. బి మారిస్తే ఎ కూడా దానితోపాటు మారాలి, జంటగా ఇవ్వు, ఒకదాన్నే కదిపితే చిన్న భూకంపాల రేటు అడ్డదిడ్డంగా పోతుంది. పాత మోడల్, కొత్త మోడల్ రెండూ ఇలా నడిపి, 16, 84 పర్సెంటైల్ గీతల మధ్య కొత్త సగటు ఎక్కడ పడిందో చూపించు. గరిష్ఠ మాగ్నిట్యూడ్‌కీ శాఖలు కావాలి. ములుగుది 5.3, భద్రాచలం దగ్గర 1969లో వచ్చింది 5.7, కాబట్టి 'చూసిన గరిష్ఠం' ఏమీ మారలేదు. దానికి 0.5 కలిపి 6.2 అని ఆపేస్తారు చాలామంది, నాకది చాలదనిపిస్తుంది. 1993లో కిల్లారి వచ్చినప్పుడు ఆ ప్రాంతం అప్పటి భూకంప నిర్మాణ కోడ్‌లో అన్నిటికన్నా తక్కువ ప్రమాదం ఉన్న జోన్ 1, వచ్చింది 6.2. ద్వీపకల్పంలో 'ఇక్కడ ఎప్పుడూ రాలేదు' అన్న మాట మీద బరువు పెట్టడం నాకిష్టం లేదు. కనీసం ఒక శాఖ 6.5 దాకా ఉంచు.

లోతు గురించి. 40 కిలోమీటర్లు అని వచ్చింది కదా, మీ సీనియర్ ఏరియా సోర్స్‌లో కింది లోతు 20 అనో 25 అనో ఉంటే, హైపోసెంటర్ లోతుల్లో 40 పెట్టగానే ఇంజిన్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది, ముందు కింది లోతు పెంచాలి. జబల్‌పూర్ 1997 కూడా 35 కిలోమీటర్ల దగ్గర్లోదే, కాబట్టి లోతైనవి ద్వీపకల్పంలో వింతేమీ కాదు. అయినా మొత్తం బరువు 40 మీద పెట్టకు, 10, 20, 40 మధ్య పంచు. ఇది ఎక్కడ తేడా చేస్తుందో కూడా చెప్తా. రఘుకాంత్–అయ్యంగార్ 2007 సమీకరణం (దూరంతో ఊపు ఎంత తగ్గుతుందో చెప్పేది) హైపోసెంటర్ దూరం వాడుతుంది. హన్మకొండ నుంచి ఆ చోటు దాదాపు 86 కిలోమీటర్లు, లోతు 10 అయితే దూరం 87, లోతు 40 అయితే 95, పెద్ద తేడా లేదు. అదే ఎపిసెంటర్‌కి 10 కిలోమీటర్లలో ఉన్న ఊరికి 14 ఎక్కడ, 41 ఎక్కడ! నీ మ్యాపులో మేడారం, ఏటూరునాగారం ఉంటే లోతే పెద్ద ప్రశ్న, హన్మకొండ ఒక్కటే అయితే దాని మీద రాత్రుళ్లు మేలుకోకు.

కాజీపేట_పోరడు:

అక్కా, మీరు చెప్పినట్టు బి శాఖలు పెట్టి నడిపాను. కొత్త సగటు పాత మోడల్ పర్సెంటైల్ గీతల మధ్యలోనే పడింది. గైడ్ గారికి అదే చూపిస్తా. ఇంకో కొత్త ఎర్రర్: గోదావరి లోయకి విడిగా రెండో ఏరియా సోర్స్ చేర్చితే టెక్టానిక్ రీజియన్ (ఆ ప్రాంతపు భూపటలం రకం) సరిపోలట్లేదని అంటోంది. ఫాల్టులు, విఎస్30 కూడా మిగిలే ఉన్నాయి.

గోదావరి_లోయ:

కొత్త సోర్స్‌లో టెక్టానిక్ రీజియన్ టైప్ అని రాసిన మాట, గ్రౌండ్ మోషన్ లాజిక్ ట్రీలో (ఊపు సమీకరణాలుండే ఫైల్) రాసిన మాట అక్షరం అక్షరం ఒకటే ఉండాలి. ఒకచోట స్టేబుల్ కాంటినెంటల్, ఇంకోచోట స్టేబుల్ షాలో క్రస్ట్ అని ఉంటే నీకూ నాకూ ఒకటే కావచ్చు, ఇంజిన్‌కి కాదు. కాపీ పేస్ట్ చెయ్యి. బహుభుజి పాయింట్లలో ముందు రేఖాంశం, తర్వాత అక్షాంశం. తిప్పి 18, 80 అని రాస్తే నీ గోదావరి లోయ ఆర్కిటిక్‌లో స్వాల్‌బార్డ్ దీవుల్లో తేలుతుంది, గరిష్ఠ దూరం ఫిల్టర్‌లో ఆ సోర్స్ రాలిపోతుంది. పెద్ద రన్ పెట్టేముందు చెక్ ఇన్‌పుట్ కమాండ్ ఒకసారి కొట్టు, చాలా తప్పులు అక్కడే తేలతాయి.

విఎస్30కి సైట్ మోడల్ సీఎస్వీ: రేఖాంశం, అక్షాంశం, విఎస్30, అంతే, జాబ్ ఫైల్‌లో సైట్ మోడల్ ఫైల్ అని దాని పేరు ఇవ్వాలి. వాలు నుంచి తీసిన యూఎస్‌జీఎస్ గ్రిడ్ గుడ్డిగా వాడకు. వాలు తక్కువుంటే మెత్తటి నేల అన్నది దాని లెక్క, మన దగ్గర చదునుగా ఉండి కిందంతా గ్రానైట్ ఉన్న నేలని కూడా ఒండ్రు కింద కడుతుంది. మంగపేట వైపు గోదావరి ఒడ్డున ఆ లెక్క కుదరొచ్చు, హన్మకొండ గుట్టల మధ్య కాదు. బోర్‌లాగ్‌లు (బోరు వేసినప్పుడు రాసిన పొరల వివరాలు), ఎస్‌పీటీ (నేల గట్టిదనం పరీక్ష) విలువలు దొరికితే వాటినుంచి తియ్యి, కొన్ని పాయింట్లకైనా సరే.

శిలాపొర:

ఫాల్టుల సంగతి నేను చెప్తా. భూకోశ్ ఇచ్చేది గీత. ఫాల్ట్ సోర్స్‌కి గీతతోపాటు వాలు కోణం, పై కింది లోతులు, రేక్ (జారే దిశ), ఆ ఫాల్ట్ మీద భూకంపాల రేటు కావాలి. రేటు ఎక్కడినుంచి తెస్తావు? స్లిప్ రేటు (ఫాల్ట్ ఏడాదికి ఎంత జారుతుందో) చేతిలో లేకుండా అంకె వేస్తే అది కల్పన. పైగా ఏరియా సోర్స్ అలాగే ఉంచి దాని లోపల కడెం ఫాల్ట్‌ని విడిగా పెడితే అవే భూకంపాలు రెండుసార్లు లెక్కలోకి వస్తాయి. ఎంటెక్‌కి అయితే ఫాల్టుల్ని మ్యాపు మీద గీతలుగా చూపించి, సోర్స్ మోడల్‌కి రెండో శాఖగా ఫ్రాంకెల్ 1995 స్మూతింగ్ పెట్టు, అది టూల్‌కిట్‌లోనే ఉంది. ఘటనలు ఎక్కడ గుంపుగా ఉన్నాయో అక్కడ రేటు ఎక్కువ పడుతుంది, గోదావరి లోయ దానంతటదే మ్యాపులో బయటపడుతుంది.

సైట్_ఇంజనీర్_ములుగు:

ఒక్కటి చేరుస్తా. రివ్యూలో కచ్చితంగా కోడ్‌తో పోల్చమంటారు. ఐఎస్ 1893 (మన భూకంప నిర్మాణ కోడ్), 2016 ప్రకారం జోన్ ఫ్యాక్టర్ జోన్ 2కి 0.10, జోన్ 3కి 0.16, హైదరాబాద్ జోన్ 2, భద్రాచలం జోన్ 3. ఆ జోన్ మ్యాపు సంభావ్యత లెక్కతో గీసింది కాదు, కాబట్టి నీ 475 ఏళ్ల పీజీఏని నేరుగా ఆ 0.16 పక్కన పెట్టి ఎక్కువ, తక్కువ అనకు. పోల్చాలంటే 475, 2475 రెండూ టేబుల్‌లో వేసి, ఏ నేల మీద లెక్కో పక్కనే రాయి. ఇంకా, ఆ టేబుల్ ఫొటో వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకు. ఇక్కడ డిసెంబర్ తర్వాత మేస్త్రీ నుంచి ఇంటి ఓనర్ దాకా 'మాది ఏ జోన్ సార్' అని ఫోన్లే ఫోన్లు, ఇక ఎంటెక్ ప్రాజెక్టు అంకెలు పట్టుకొస్తే నాకు జవాబు చెప్పే ఓపిక లేదు.

కాజీపేట_పోరడు:

అలాగే సార్, పెట్టను. టెక్టానిక్ రీజియన్ ఎర్రర్ పోయింది, ఇప్పుడు స్మూతింగ్ శాఖ రన్ అవుతోంది. ల్యాప్‌టాప్ ర్యామ్ చాలక వేలాడుతోంది, ఏరియా సోర్స్ డిస్క్రెటైజేషన్ (ప్రాంతాన్ని విడగొట్టే గళ్ల సైజు) 5 కిలోమీటర్ల నుంచి 10కి పెంచొచ్చా?

గోదావరి_లోయ:

పెంచు. హన్మకొండ ఒక్క పాయింట్‌కి రెండిటితో ఒకసారి నడిపి చూసుకో, తేడా పట్టించుకోనంత ఉంటే 10తోనే మొత్తం మ్యాపు వెయ్యి. సోర్స్‌లకి దగ్గరున్న పాయింట్లలో మాత్రం 5 ఉంచు.